మెట్ల మేస్త్రి

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. మా ఊళ్ళో నాలుగంతస్తులు దాటిన భవనాలు లేవడం మొదలైన రోజుల్లో ఒక చిన్న కంపెనీలో చేరి, ముప్పై రెండేళ్ళు పనిచేసి, అక్కడే రిటైరయ్యాడు. ఇరవై రెండు లిఫ్టులు ఆయన వంతు. వాటి గురించి ఇంట్లో మాట్లాడుతుంటే మనుషుల గురించి చెబుతున్నాడేమో అనిపించేది. "బ్యాంకు పక్కది ఇవాళ నన్ను ఏడిపించింది" అనేవాడు. "ఆసుపత్రిది మహా బుద్ధిమంతురాలు, ఏడాదైంది ఒక్క మాట పడి" అనేవాడు. అమ్మ వెంటనే అందుకునేది.

"నన్నెప్పుడైనా అలా మెచ్చుకున్నారా? పొద్దుట్నుంచీ నేనూ పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాగా!"

అమ్మ బేకరీ కౌంటరులో పనిచేసేది. రోజుకు రెండు వందల మందితో మాట్లాడి వచ్చాక కూడా ఆమె దగ్గర ఇంకా మాటలు మిగిలి ఉండేవి. నాన్న దగ్గర మొదటినుంచీ నిల్వ తక్కువ. మమ్మల్ని కూర్చోబెట్టుకుని మంచీచెడూ చెప్పడం ఆయనకు చేతకాదు. చెప్పడానికి కూడా కొంత వాగ్ధాటి కావాలిగా. అలాగని ఆయనేమీ మచ్చలేని మనిషి కాదు. పళ్ళ డాక్టరంటే ప్రాణభయం. "వెళ్ళొచ్చాను, ఏం లేదన్నాడు" అని అమ్మకు పచ్చి అబద్ధం చెప్పి, దవడ పట్టుకుని మూలన కూర్చున్న రోజులు నేనెరుగుదును. అయినా నిజాయితీ అన్నమాట వినపడితే ఇప్పటికీ నా కళ్ళముందుకు మొదట వచ్చేది గ్రీజు మరకల ఖాకీ చొక్కాలో ఆ మనిషే. ఎందుకో చెప్పాలంటే నా పదకొండో ఏట జరిగింది చెప్పాలి.

శనివారాలు మాకు ఒంటిపూట బడి. చెల్లి చిన్నది కాబట్టి బేకరీలో అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని విరిగిన బిస్కట్ల పని పట్టేది. నేను నాన్న వెంట వెళ్ళేదాన్ని. ఆయన పనిసంచీ బరువు కాబట్టి నాకిచ్చేవాడు కాదు. టార్చిలైటు మాత్రం నాది. ప్రతి భవనంలోనూ ఒకటే వరస. వాచ్‌మన్ దగ్గర మిషన్ రూము తాళంచెవి తీసుకోవడం, మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళడం, నన్ను గుమ్మం బయట ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టడం. "ఇక్కణ్ణుంచి అంగుళం కదిలావంటే వచ్చే వారం నువ్వూ బేకరీకే" అనేవాడు.

అక్కడ కూర్చుని అంతా చూసేదాన్ని. మోటారు ఆపి, చల్లారనిచ్చి, బ్రేకు మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. లిఫ్టును మోసే ఉక్కు తాళ్ళను పరీక్షించడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. లిఫ్టును నత్తలా మెల్లగా నడిపిస్తూ, ఒక పాత నూలుగుడ్డను తాడు మీద వదులుగా ఆనించి పట్టుకునేవాడు. తాడులో ఎక్కడైనా సన్నని తీగ తెగి పైకి లేచి ఉంటే గుడ్డ అక్కడ చిక్కుకుని దారాలు లేచేవి. కంటికి కనపడనిది గుడ్డకు తెలిసిపోయేది. తర్వాత ప్రతి అంతస్తులో దిగి తలుపులు లాగి చూసేవాడు. ఆఖరున కిందికి వచ్చి, వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడే అట్టకార్డు మీద తేదీ వేసి, "అన్నీ సరిగ్గా ఉన్నవి" అని రాసి, సంతకం పెట్టేవాడు. నలిగిన స్ప్రింగులా ఉండేది ఆ సంతకం. ఒక్కో లిఫ్టుకు గంటన్నర పట్టేది. కార్డు మీద రాయడానికి అర నిమిషం.

ఆ శనివారం నాకు కొత్త బూట్లు కొనాలి. పాతవాటిలోంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. దుకాణం అయిదింటికి మూసేస్తారు. మూడో భవనం దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. ఆకుపచ్చ గేటు, ఆరంతస్తులు. తాళంచెవి జేబులో వేసుకుని వాచ్‌మన్ తిండికి వెళ్ళాడు. పది నిమిషాలు చూశాం. వాన మొదలైంది. నేను గోల మొదలుపెట్టాను.

"నాన్నా, మూసేస్తారు. నాన్నా, సోమవారం పీటీ సారు నన్ను లైనులోంచి బయటికి లాగుతారు. నాన్నా..."

నాన్న గడియారం చూశాడు. మేడవైపు చూశాడు. నన్ను చూశాడు. గదిలోకి వెళ్ళి, కార్డు తీసి, తేదీ వేసి, రాసి, సంతకం పెట్టాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ, "సోమవారం వచ్చి చూసేస్తాలే" అన్నాడు. నాతో అన్నాడో తనతో తనే అనుకున్నాడో తెలియదు. ఇద్దరం వానలో పరుగెత్తాం. బూట్లు దొరికాయి, నల్లవి, తళతళలాడుతూ. సోమవారం ఆసుపత్రి లిఫ్టు మొరాయించింది. ఆ వారమంతా నాన్నకు అక్కడే సరిపోయింది. ఆకుపచ్చ గేటు మాట మరిచిపోయాడు.

మూడు వారాల తర్వాత బళ్ళో ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. నాకు లెక్కల్లో వందకు పందొమ్మిది. తండ్రి సంతకం చేయించుకుని తేవాలి. ఆ పందొమ్మిదిని ఇంట్లో చూపించే ధైర్యం లేక, పాత వార్తాపత్రిక తీసుకుని మంచం చాటున కూర్చుని నలిగిన స్ప్రింగు గీయడం నేర్చుకున్నాను. నలభై సార్లకు చెయ్యి తిరిగింది. కార్డు మీద పెట్టేశాను. మర్నాడు టీచరుగారు అన్ని కార్డులతో పాటు దాన్నీ తీసుకుని బీరువాలో పడేశారు. అనుమానించనైనా లేదు. ఇంత తేలికా అనుకున్నాను.

శనివారం సాయంత్రం నాన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చెల్లి ఆ వార్తాపత్రిక పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, అక్కకు నువ్వంటే ఎంత ఇష్టమో చూడు! కాగితం నిండా నీ సంతకమే!"

నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది దేనికి నేర్చుకున్నావమ్మా?"

చెప్పాను. లెక్కలూ, పందొమ్మిదీ, బీరువా, అంతా. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. "దొంగ సంతకమా! ఇంత వయసుకే దొంగ సంతకమా!" అని చెయ్యి ఎత్తింది. నాన్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"మార్కులు తక్కువొస్తే నేనెప్పుడైనా కొట్టానా? మరెందుకు చేశావు?"

దెబ్బ పడి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ మెత్తటి గొంతు వినేసరికి నాకెందుకో ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు మాత్రం పెట్టలేదా?" అన్నాను.

"నేనా?"

"ఆ ఆకుపచ్చ గేటు దగ్గర. పైకి వెళ్ళనే లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసేసి సంతకం పెట్టావు. నేను చూశాను. మళ్ళీ వెళ్ళి చూశావా?"

పొయ్యి మీద ఏదో పొంగుతున్నా అమ్మ కదల్లేదు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మవైపు తిరిగి, "అది చెప్పింది నిజమే" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వంటింట్లో మాట్లాడుకున్నదంతా గోడ ఇవతల నుంచి విన్నాను. అమ్మ మాటల్లో న్యాయం లేకపోలేదు.

"రేపు చడీచప్పుడు కాకుండా వెళ్ళి చూసొచ్చేయండి. మూడు వారాలుగా తిరుగుతూనే ఉందిగా, ఎవరికీ ఏమీ కాలేదుగా. పిల్లకు నేను నచ్చజెబుతాను."

"ఏమని నచ్చజెబుతావు? పెద్దవాళ్ళు చేస్తే పరవాలేదనా?"

"ఉద్యోగం తీసేస్తేనో? పిల్లలకు తిండి పెట్టాలా, నీతులు పెట్టాలా?"

"రెండూ పెట్టాలిగా" అన్నాడు నాన్న.

కాసేపటికి ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపించింది. తొంగిచూస్తే అమ్మ, నాన్న ఖాకీ చొక్కాను, పెళ్ళికి వెళ్ళే చొక్కాలా, కాలరు దగ్గర్నుంచి శ్రద్ధగా ఇస్త్రీ చేస్తోంది. ముఖం మాత్రం ఇస్త్రీపెట్టెకన్నా వేడిగా ఉంది.

ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను లేపాడు. "పద" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఆకుపచ్చ గేటు భవనంలో రెండో అంతస్తులో ఉండే ఫ్లాట్ల సంఘం కార్యదర్శిగారు బనియనుతో పేపరు చదువుకుంటున్నారు. నాన్న గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"అయ్యా, పోయిన నెల మీ లిఫ్టు తనిఖీ చేసినట్టు కార్డు మీద సంతకం పెట్టానండి. చెయ్యలేదు. తప్పు నాదే. ఇప్పుడు ఆపేస్తున్నాను."

కార్యదర్శిగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పేపరు కింద పడేశారు.

"అంటే మూడు వారాలుగా మమ్మల్ని గాలికొదిలేశావన్నమాట! సరే, అఘోరించావు. ఇప్పుడైనా చూసి సంతకం పెట్టి తగలడు!"

"చూడొచ్చండి. సంతకం మాత్రం నేను పెట్టకూడదు. చూడకుండా పెట్టినవాణ్ణి, మళ్ళీ నేనే పెడితే దానికి విలువేముందండి? ఇంకొకళ్ళు వచ్చి చూడాలి. ఇవాళ ఆదివారం, రేపు ఆఫీసులో చెబుతాను. మంగళవారానికి వస్తారు."

"మంగళవారం దాకా ఆరంతస్తులు ఎక్కి దిగాలా?"

"అవునండి."

ఆ పెద్దమనిషి అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. నాన్న తల దించుకుని వింటూ ఉంటే నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా మా నాన్నను ఎవరూ అలా అనగా నేను వినలేదు. ఆయన చిటికెనవేలు పట్టుకున్నాను. విదిలించుకోలేదు, అలాగని గట్టిగానూ పట్టుకోలేదు. తర్వాత కిందికి వెళ్ళి కరెంటు ఆపి, ఒక అట్ట మీద "తనిఖీ పూర్తికానందున లిఫ్టు ఆపడమైనది" అని రాసి తలుపుకు కట్టాడు. "మరమ్మతు అని రాయొచ్చుగా, గోల ఉండదు" అన్నాడు వాచ్‌మన్ జాలిపడి. "మరమ్మతు ఏమీ లేదుగా" అన్నాడు నాన్న.

దారిలో ఒక్కటే మాట అన్నాడు. "రేపు మీ బడికి వస్తాను. మాట్లాడేది నువ్వే. నేను బయట నిలబడతాను."

సోమవారం టీచర్లగది తలుపు దగ్గర అదే ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళి, "టీచర్, నా కార్డు మీది సంతకం మా నాన్నది కాదు, నాది" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ బీరువా తెరిచి కార్డు తీసి, కళ్ళజోడు పెట్టుకుని పరిశీలనగా చూశారు. ఆవిడ కోప్పడితే ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఆవిడ కోప్పడలేదు.

"నలభై కార్డులు. ఒక్క సంతకమైనా సరిగ్గా చూడలేదు నేను" అన్నారు, సగం నాతో, సగం తనతో. నాన్నను లోపలికి పిలిచి కార్డు చేతికిచ్చారు. నా సంతకాన్ని కొట్టెయ్యబోతే నాన్న వద్దన్నాడు. దాని కిందే తనదీ పెట్టాడు. రెండూ కలిపి చూస్తే నాదే కాస్త నీటుగా ఉంది. ఆ సంవత్సరమంతా రోజూ బడి అయ్యాక అరగంట లెక్కలు చేయించారు ఆవిడ. అదే శిక్ష.

నాన్న అక్కణ్ణుంచి ఆఫీసుకు వెళ్ళి ఇంజనీరుగారికి చెప్పాడు. ఆయన, విషయం తేలేదాకా పనిలోకి రావద్దన్నారట. అందుకని ఆ సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి ఇంట్లోనే ఉన్నాడు.

"ఆరో అంతస్తులో ఒక మామ్మగారున్నారు. కాలికి కట్టు విప్పించుకోవడానికి ఇవాళ అయిదున్నరకు డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. లిఫ్టు ఆపింది నేను. వస్తావా?"

వెళ్ళాం. మామ్మగారికి ఎనభై ఏళ్ళు. మనిషి పిడికెడు, గొంతు మాత్రం ఆరంతస్తులకూ సరిపోతుంది. కుడికాలికి మోకాలిదాకా కట్టు. చేతుల కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, నడుముకు దుప్పటితో కట్టి, ముందు వాచ్‌మన్, వెనక నాన్న పట్టుకుని మెట్లు దించడం మొదలుపెట్టారు. ఆవిడ చేతిసంచీ పట్టుకుని నేను వెనకాల.

"జాగ్రత్త! నన్ను జారవిడిచావంటే నా ప్రాణం పోయేలోపు నీ ప్రాణం తీస్తా!"

"అలాగేనండి."

"అలాగేనండి ఏమిటి? జారవిడుస్తావా?"

"లేదండి."

"అసలు ఎందుకు చెప్పావు? ఎవరడిగారు నిన్ను? నోరు మూసుకుని ఊరుకుంటే నేను హాయిగా లిఫ్టులో దిగేదాన్నిగా!"

నాన్నకు జవాబు చెప్పే ఊపిరి లేదు. నాలుగో అంతస్తు మలుపులో ఆగి, కుర్చీ కింద పెట్టి, గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. చొక్కా మీది ఇస్త్రీ ఎప్పుడో చచ్చింది. నేను ఉండబట్టలేక అన్నాను.

"నేనే అడిగానండి మామ్మగారూ."

ఆవిడ తల తిప్పి నన్ను చూశారు. "నువ్వా? ఏమని?"

చెప్పాను. ఆవిడ విన్నారు. కిందికి దిగేదాకా మళ్ళీ నోరెత్తలేదు. ఆవిడ నోరెత్తకపోవడం తన సర్వీసులో అదే మొదటిసారని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు దించడం కన్నా ఎక్కించడం ఎన్ని రెట్లు కష్టమో చూశాను. నాన్న మెడనరాలు ఉబ్బి పైకి తేలాయి. మామ్మగారు కుర్చీలోంచి మెట్లు లెక్కపెడుతున్నారు. "తొంభై ఆరు... తొంభై ఏడు... ఇంకా పదకొండే, ఓపిక పట్టు. లిఫ్టు మేస్త్రివని పేరేగానీ నువ్వు మెట్ల మేస్త్రివయ్యా!" ఆ పేరు అక్కడ అంటుకుంది. మొదట ఎగతాళికి పిలిచారు. తర్వాత్తర్వాత అలా పిలవడమే గౌరవమైంది.

మంగళవారం ఇంజనీరుగారు ఇంకో మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చారు. నాన్ననూ రమ్మన్నారు. ఆ మెకానిక్కు నాన్నకన్నా చిన్నవాడు, మేము బాబాయి అని పిలిచేవాళ్ళం. అక్కడ జరిగింది ఆయన చెబితేనే నాకు తెలిసింది. మూడు గంటలు చూశారట. తాళ్ళు, బ్రేకు, తలుపులు, కింద గుంత, అన్నీ. వంక పెట్టడానికి లేదు. గుడ్డకు ఒక్క దారం లేవలేదు. ఇంజనీరుగారు చేతులు తుడుచుకుంటూ విసుగ్గా అన్నారట.

"భేషుగ్గా ఉంది. నువ్వు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేదయ్యా?"

"మా అమ్మాయికి తెలుసండి" అన్నాడట నాన్న.

కానీ కంపెనీ కంపెనీయే. ఆరు నెలలు తనిఖీ పనిలోంచి తప్పించి నాన్నను వర్క్‌షాపులో పడేశారు, అదీ బాబాయి కింద. తలుపుల చక్రాలు కిరసనాయిలులో కడగడం, తుప్పు గీకడం, గ్రీజు పట్టించడం. తను పని నేర్పినవాడు "అన్నా, ఆ డబ్బా ఇటియ్యి" అంటే లేచి అందించేవాడు. బాబాయికే ముళ్ళమీద కూర్చున్నట్టుండేదట. నాన్న మాత్రం "చక్రాలు కూడా ఎవరో ఒకళ్ళు కడగాలిగా" అని కడిగిన ప్రతిదాన్నీ వెలుతురుకెత్తి తిప్పి చూసి పక్కన పెట్టేవాడట.

మాకు ఆ ఆరు నెలలూ తేలిగ్గా గడవలేదు. బళ్ళో ఒకమ్మాయి "మీ నాన్నకు డిమోషనట కదా" అంది. ఇంటికొచ్చి ఏడ్చాను. నావల్లే అంతా జరిగిందని, ఆ రోజు బూట్ల కోసం గోల చెయ్యకపోతే, తర్వాత ఆ మాట అనకపోతే ఏమీ జరిగేది కాదని వెక్కుతూ చెప్పాను. నాన్న పక్కన కూర్చున్నాడు. కిరసనాయిలు వాసన.

"గోల చెయ్యడం నీ వంతు, పిల్లవి కాబట్టి చేశావు. సంతకం నా చెయ్యి పెట్టింది. నా తప్పులో నీకు వాటా ఇవ్వను" అన్నాడు. మళ్ళీ, "ఆ మాట అన్నందుకు మాత్రం బాధపడకు. అది నువ్వు కాక ఇంకెవరంటారు?" అన్నాడు. మా నాన్న ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

ఆరు నెలల తర్వాత ఆకుపచ్చ గేటు భవనం నుంచి కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. రాసింది కార్యదర్శిగారు, రాయించింది మామ్మగారు. సంఘం మీటింగులో ఆవిడ కర్ర నేలకేసి కొట్టి అన్నారట: "నాకు ఆ మెట్ల మేస్త్రే కావాలి. చూడకపోతే చూడలేదని చెప్పే మనిషి వాడొక్కడే నాకు తెలుసు. మిగతావాళ్ళు చూశారో లేదో నాకెలా తెలుస్తుంది?" నాన్న ఇరవై రెండు లిఫ్టులూ మళ్ళీ ఆయన చేతికొచ్చాయి. ఆ తర్వాత ఆయన ఏ భవనానికి వెళ్ళినా ముందు తాళంచెవి, తర్వాతే కార్డు. తాళంచెవి లేకపోతే వెనక్కి వచ్చేసేవాడు, ఎవరెంత గోలపెట్టినా.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ గెలుపు కాదు. ఆ సంఘటన మా ఇంటి గాలిని ఎలా మార్చిందన్నది. అప్పటిదాకా మా ఇంట్లోనూ అందరిళ్ళలోలాగే పిల్లలు తప్పులు చేసేవాళ్ళు, పెద్దవాళ్ళు కనిపెట్టేవాళ్ళు. ఆ తర్వాత ఆ ఆట ఆగిపోయింది. పెద్దవాడే గుమ్మంలో నిలబడి "తప్పు నాదే" అని చెప్పాక, మాకు దాచడంలో సరదా పోయింది. చెల్లి ఒకరోజు బూట్లయినా విప్పకుండా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ప్రకటించింది.

"నేనొకటి చేశాను. ముందు వినండి, తర్వాత అరవండి."

పక్కింటి కిటికీ అద్దం. బంతి. విన్నారు, తర్వాత అరిచారు, తర్వాత అమ్మే దాన్ని వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. అప్పట్నుంచి ఆ మాట మా ఇంటి భాషలో చేరిపోయింది. ఒక ఆదివారం నాన్న భోజనం దగ్గర గొంతు సవరించుకుని, "నేనొకటి చేశాను. ముందు వినండి" అన్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళానని చెప్పి ఒక్కసారీ వెళ్ళలేదట. అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయింది. మర్నాడు ముగ్గురం కలిసి ఆయన్ను డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళాం.

అమ్మ మాత్రం తన అభిప్రాయం ఈనాటికీ మార్చుకోలేదు. "మీ నాన్న మంచివాడే. కాకపోతే ఆ మంచితనానికి చప్పుడెక్కువ. మామ్మగారి కాలికి ఇంకేమైనా అయ్యుంటే?" అంటుంది. అదీ నిజమే. తన మనసు తేలికపడటానికి ఆరంతస్తుల జనం చేత మెట్లెక్కించాడు. అందుకే కుర్చీ కూడా తనే మోశాడని నేనంటాను. "మోస్తే? వారం రోజులు ఆయన వీపుకు కాపడం పెట్టింది నేను!" అంటుంది అమ్మ.

నేను పెద్దయ్యాక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరాను. చేరిన రెండో ఏట, రద్దీగా ఉన్న ఒక ఉదయం, రెండు సీసాల మీద పేర్లు తారుమారు చేసి అంటించాను. ఫలితాలు డాక్టర్ల దగ్గరికి వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం సీసాలు సర్దుతుంటే అనుమానం వచ్చింది. వరసలు సరిచూసుకుంటే నిజమే. ఇద్దరికీ ఇంకా మందులు మొదలుపెట్టి ఉండరు. రేపు మళ్ళీ రక్తం తీసుకుందాం, ఏదో ఒక సాకు చెప్పొచ్చు అని మనసు చెబుతూనే ఉంది. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు ఆ మాట విన్నాను కూడా. తర్వాత పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి నిలబడి చెప్పాను. ఆయన ముందు ఇద్దరు రోగులకూ ఫోను చేయించారు. ఒకాయన అప్పుడే మందులు కొనడానికి బయల్దేరుతున్నారట. ఆపగలిగారు. ఆ తర్వాత డాక్టరుగారు నన్ను అనవలసినవన్నీ అన్నారు. మెమో ఇచ్చారు.

సాయంత్రం బస్టాపులో నిలబడి ఇంటికి ఫోను చేశాను. నాన్న ఎత్తాడు. అప్పటికి ఆయన రిటైరయి ఏడాది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. సీసాలు, పేర్లు, డాక్టరుగారి ముఖం, మెమో, ఆ పేషెంటుకు ఏమైనా అయ్యుంటే నేనేమైపోయేదాన్నో, అంతా. అవతల నుంచి మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. మధ్యాహ్నం తిన్నావా?"

"లేదు."

"మరి చెప్పేశావుగా. ఇప్పుడు ఏదైనా తిను."

బస్టాపు పక్కన ఒకావిడ అరటిపళ్ళు అమ్ముతోంది. రెండు కొనుక్కున్నాను. బస్సు వచ్చేలోపు, నిలబడే, రెండూ తినేశాను.